లోపలి నుంచి మూడు దెబ్బలు

బీరువా లోపలి నుంచి టంగుమని ఒక్క దెబ్బ వినిపించింది. వెనక వైపు నిలబడ్డ ఉప్పలయ్య ఆ చప్పుడు వచ్చిన చోట కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. లోపలి నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. చాలు అని అర్థం. సుత్తి దించి అరచేత్తో రేకును తడిమి చూశాడు. సొట్ట పోయింది. పోయినందుకు అతనికేం సంతోషం కలగలేదు. లోపలున్నవాడు చోటు సరిగ్గా చూపించాడు కాబట్టే పోయిందని ఒప్పుకోవలసి వస్తుంది, అదీ అతని మంట.

నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీ గోడ వెనక సందులో ఉంది లక్ష్మీకాంత్ బీరువాల షెడ్డు. రేకులు వంచి అతికాక, తలుపులూ అరలూ బిగించే ముందు సొట్టలు తీయాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు లోపల దూరి ఇనుప దిమ్మను సొట్టకు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకడు బయటి నుంచి కొట్టాలి. లోపల త్రిమూర్తులు, బయట ఉప్పలయ్య. వేరే షెడ్లలో ఇలాంటి జతలు 'కొంచెం కింద', 'ఇక ఆపు' అని అరుచుకుంటూ పనిచేస్తాయి. వీళ్ళిద్దరికీ పదేళ్ళ పైనుంచి మాటల్లేవు. అందుకని దెబ్బలే మాటలయ్యాయి. ఒకటి వేస్తే కొట్టమని, రెండు వేస్తే చాలని. ఆ ఏర్పాటు కూడా మాట్లాడుకుని చేసుకున్నది కాదు.

ఉప్పలయ్యను చూసి ముచ్చటపడ్డవాళ్ళు ఎవరూ లేరు. పొట్టి మనిషి. మెడ లేనట్టు భుజాల్లోకి దిగిపోయిన తల. రేకుల మోతకు సగం చెవుడు వచ్చింది గానీ, తనను ఎవరైనా ఏమైనా అన్నారేమోనన్న అనుమానం మాత్రం చక్కగా వినిపిస్తుంది. ఆ పొద్దున చిలుకానగర్‌లో షేర్ ఆటో ఎక్కుతూనే పక్కవాడి మోకాలు తగిలిందని తగువు పెట్టుకున్నాడు. ఇంట్లో భార్య తారామణి ఉప్పు తక్కువైందని తనే ముందుగా ఒప్పుకుంటే, ఒప్పుకున్నందుకు కూడా విసుక్కున్నాడు. అలాంటి మనిషితో ఎవరు మాత్రం ఎంతకాలం వేగుతారు?

త్రిమూర్తులు ఒకప్పుడు వేగాడు. పిఠాపురం వైపు నుంచి వచ్చిన సన్నటి, పొడుగాటి మనిషి. ముడుచుకుంటే ఎంత ఇరుకు బీరువాలోనైనా పట్టేస్తాడు. నోరు ఊరుకోదు. రేకు గీరుకుపోకుండా దిమ్మ చుట్టూ తన పచ్చ తువ్వాలు ముక్క చుట్టి, ఏదో ఒకటి వాగుతూ పనిచేసేవాడు. ఉప్పలయ్య జీవితంలో ఎవరితోనైనా మనసు విప్పాడంటే అతనితోనే. ఒక వానరోజు షెడ్డులో ఇద్దరే ఉన్నప్పుడు చిన్ననాటి సంగతి చెప్పాడు. ఏడుగురు పిల్లల్లో అయిదోవాడు. కొమురవెల్లి జాతరకు అందరూ బండి కట్టుకుని పోయి, తిరిగి వచ్చేటప్పుడు అతన్ని అక్కడే మర్చిపోయారు. ఇంటికి చేరి, అన్నాలు వడ్డించేటప్పుడు గానీ ఒకడు తక్కువున్నాడని తల్లికి తెలియలేదు. ఆ రాత్రంతా గుడి దగ్గర బొరుగులమ్మే ఒక ముసలమ్మ పక్కన కూర్చుని, వచ్చే ప్రతి బండినీ చూశాడు. ఈ సంగతి తారామణికి కూడా చెప్పలేదు.

ఆ తర్వాత బోనాల పండుగ నాడు ఉప్పలయ్య ఇంట్లో మేకను కోశారు. షెడ్డులో అందరూ వచ్చారు. కల్లు దిగాక త్రిమూర్తులు లేచి నిలబడ్డాడు.

"మా ఉప్పలయ్యన్నని బీరువాలో పెట్టి తాళం వేశామనుకోండి, మూడ్రోజుల దాకా ఎవరికీ తెలీదండీ! నాలుగో రోజున తారామణి వదిన చీర కోసం తలుపు తీసి, 'ఓహో, ఇక్కడున్నావా' అంటుంది."

అందరూ పగలబడి నవ్వారు. తారామణి గరిటె పట్టుకునే, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పెళ్ళయినప్పటి నుంచీ ఉప్పలయ్య ఆమెను ఒక్కసారి కూడా అలా నవ్వించలేదు. త్రిమూర్తులుకు జాతర సంగతి గుర్తుండి అన్నాడో, మర్చిపోయి అన్నాడో ఎవరికి తెలుసు? ఉప్పలయ్యకు మాత్రం సందేహం లేదు. తన గుండెకాయ తీసి పదిమంది ముందు పెట్టి నవ్వించాడనుకున్నాడు. మర్నాటి నుంచి నోరు మూసుకున్నాడు. త్రిమూర్తులు మొదట బతిమాలాడు, తర్వాత ఎగతాళి చేశాడు, చివరికి అతనికీ పౌరుషం వచ్చింది. తప్పయిందన్న ఒక్క మాట మాత్రం అనలేదు. ఉప్పలయ్యకు కావలసింది ఆ ఒక్క మాటే.

"అన్నా, త్రిమూర్తులన్న రేపటి సంది రాడట, ఎరికేనా?" అంది పద్మశ్రీ ఆ పొద్దున, లప్పం కలుపుతూ. బీరువాలకు లప్పం పూసి, గరుకు కాగితంతో రుద్దే పని ఆమెది. "పిఠాపురంల చెల్లెలి కాడికి పోతుండట. ఇగ ఆడనే ఉంటడట."

"పోనీ. నాకెందుకు జెప్తున్నవ్?"

"ఇన్నేండ్లు కల్సి జేసిన్రు గదా. పొయ్యే మనిషి. ఒక్క మాట మాట్లాడితె నీ సొమ్మేం బోతది?"

"నోరున్నోడు వాడు. వాన్నే మాట్లాడుమను."

కసురుకున్నాడు గానీ, ఆ మాట విన్నప్పటి నుంచి ఉప్పలయ్యకు ధ్యాస పని మీద లేదు. ఇవాళ మాట్లాడకపోతే ఇక వాడు ఈ జన్మకు మాట్లాడడు. పోయే ముందు తప్పకుండా మాట్లాడతాడు, మాట్లాడక ఏం చేస్తాడు అనుకున్నాడు. పొద్దున్నుంచీ త్రిమూర్తులు తన వైపు వచ్చిన ప్రతిసారీ ముఖం మరింత ముడుచుకుని, చెవి మాత్రం అటే పెట్టాడు. వాడు మంచినీళ్ళ కోసం వచ్చాడు, అంతే. మధ్యాహ్నం సద్దిడబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ మూసేశాడు. ఎడమ భుజం రుద్దుకుంటూ గోడకు ఆనుకున్నాడు. అంతా నటన, జాలిపడి నేనే పలకరిస్తానని చూస్తున్నాడు అని పళ్ళు నూరాడు ఉప్పలయ్య.

అన్నాలయ్యాక కరెంటు పోయింది. లక్ష్మీకాంత్ లాలాపేట్‌లో ఎవరికో బీరువా దింపడానికి ట్రాలీతో వెళ్ళాడు. పద్మశ్రీ వెలుతురు కోసం బయట రేకుల పందిరి కిందికి పోయి తలుపులు రుద్దుకుంటోంది. ఈ బీరువాకి కింది భాగంలో ఒక్క సొట్ట మిగిలింది. త్రిమూర్తులు దిమ్మ తీసుకుని, ఒక చెయ్యి రేకుకు ఆనించుకుంటూ మెల్లగా లోపలికి దూరి కూర్చున్నాడు. ఉప్పలయ్య వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా రేకు తప్ప ఇంకేమీ లేదు.

ఒక దెబ్బ వినిపించింది. ఉప్పలయ్య కొట్టాడు. ఇంకొకటి వినిపించింది. మళ్ళీ కొట్టాడు. తర్వాత కాసేపు ఏమీ లేదు.

అప్పుడు మూడు దెబ్బలు వినిపించాయి. గట్టివి కావు. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఎడం ఎక్కువ.

సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో మూడు ఎప్పుడూ లేవు. అర్థం కావడానికి క్షణం పట్టింది.  పిలుస్తున్నాడు. నన్ను పిలుస్తున్నాడు! లేచి ముందు వైపుకి రెండడుగులు వేశాడు కూడా. అంతలోనే పాత మంట భగ్గుమంది. నలుగురి ముందు లేచి పరాచికాలాడినవాడికి ఇప్పుడు నోరు పడిపోయిందా? దిమ్మతో పిలుస్తాడా? నేనేమైనా వాడి పెంపుడు కుక్కనా? నోటితో పిలవనీ.

సుత్తి అక్కడే పడేసి, కావాలనే చెప్పులు టపటపలాడించుకుంటూ షెడ్డు బయటికి నడిచాడు.

సందు మొదట్లో చాయ్ బండి ఉంది. ఉప్పలయ్య బల్ల మీద కూర్చుని, ఎన్నడూ లేనిది, తీరిగ్గా చాయ్ తాగాడు. వాడు వస్తాడు. బీరువాలోంచి బయటికొచ్చి, నన్ను వెదుక్కుంటూ ఇక్కడికి వస్తాడు. వస్తే వెంటనే ముఖం చూడకూడదు. కాసేపు నిలబడనివ్వాలి. 'ఏంది?' అని మాత్రం అనాలి. వాడు తప్పయిందంటాడు. అప్పుడు, సరే తియ్యి, కూసో, చాయ్ తాగు అనాలి. 'కూసో' అన్నమాట మరీ మెత్తగా రాకుండా ఎలా అనాలో లోపల్లోపల రెండుసార్లు అనుకుని చూశాడు. ఇంకో చాయ్ చెప్పాడు. ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. మందుల కంపెనీ షిఫ్టు వదిలారు. ఆడవాళ్ళు గుంపులుగా బస్సు కోసం నడుస్తున్నారు. త్రిమూర్తులు రాలేదు.

ఇంత పొగరా అనుకుంటూ లేచాడు.

షెడ్డులో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. బీరువా ఎక్కడిది అక్కడే ఉంది. ఉప్పలయ్య వెనక్కి వెళ్ళి సుత్తి తీసుకుని, మొదటిసారిగా తనే ఒక దెబ్బ వేశాడు. జవాబు లేదు. మళ్ళీ వేశాడు. ఒళ్ళు మండిపోయి ఎడాపెడా బాదాడు. రేకు మోతకు బయట నుంచి పద్మశ్రీ పరుగెత్తుకొచ్చింది.

"ఏందన్నా, పిచ్చిగిట్ల లేసిందా? గట్ల గొడుతున్నవ్!"

ముందు వైపుకి వెళ్ళి లోపలికి తొంగిచూసింది.  ఆమె చేతిలోని లప్పం పూసే ఇనుప పట్టీ కింద పడ్డ చప్పుడు ఉప్పలయ్యకు వినిపించింది.

త్రిమూర్తులు మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, పక్క రేకుకు తల ఆనించి కూర్చునే ఉన్నాడు. ముఖం కమిలిపోయినట్టుంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

"త్రిమూర్తులూ!" అన్నాడు ఉప్పలయ్య. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "ఏ త్రిమూర్తులూ! లేవయ్యా!"

అంబులెన్సు వచ్చింది, వెళ్ళింది. లక్ష్మీకాంత్ దాని వెంట పోయి, పొద్దు వాలుతుండగా ఒక్కడే తిరిగొచ్చాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"గుండెనొప్పట. గంట కింద తెస్తె బతుకుతుండె అన్నడు డాక్టర్. నువ్వు ఈడనే ఉన్నవ్ గదా ఉప్పలయ్య, ఏం సప్పుడు రాలేదా?"

ఉప్పలయ్య తల దించుకున్నాడు. పద్మశ్రీ అతని వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి తిట్టేవాడు.

ఇద్దరూ వెళ్ళాక ఉప్పలయ్య షెడ్డులోనే ఉండిపోయాడు. ఫోను మోగింది. తారామణి.

"ఇంకా రాలేదేంది?"

"త్రిమూర్తులు సచ్చిపోయిండు."

 అవతల ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"అయ్యో... పొయ్యేముందన్న నీతోని మాట్లాడిండా?"

"పిలిసిండు."

"మరి నువ్వేమన్నవ్?"

ఉప్పలయ్య ఫోను చెవి దగ్గర అలాగే పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె రెండోసారి అడిగింది, మూడోసారి పేరు పెట్టి అడిగింది. చివరికి పెట్టేసింది. అతను బీరువా ముందుకి వచ్చి, కష్టంగా వంగి, లోపలికి చూశాడు. తీయాల్సిన సొట్ట తీయాల్సినట్టే ఉంది. దాని పక్కన, అడుగు రేకు మీద, పచ్చ తువ్వాలు ముక్క చుట్టిన ఇనుప దిమ్మ పడి ఉంది. త్రిమూర్తులు పట్టుకున్న చోట ఆ గుడ్డకు చెమట తడి ఇంకా ఆరలేదు.