వండి కేసు

సుందరవల్లి రోట్లో దోసెల పిండి రుబ్బుతుంటే కోర్టు కాగితం వచ్చింది. ఆమె చేతుల నిండా పిండి. అందుకని ఎనిమిదో తరగతి చదివే కూతురు ఇంద్రాణి దాన్ని విప్పింది. తమిళనాడులోని ఆ పొదటూరుపేటలో వాళ్ళ మగ్గాల వీధంతా మాట్లాడేది తెలుగే. కాగితం చదవాలంటే మాత్రం తమిళం, అదీ పిల్లలకే బాగా వచ్చు.

"సుందరవల్లి, దండపాణి పెండ్లాము... వండి..." అని ఆ పిల్ల మొదలుపెట్టిందో లేదో, అరుగు మీద నుంచి అత్తగారు తిరుమలమ్మ అందుకుంది.

"వండితే కేసేందే? ఏం, సాంబారు బాగలేదని మీ నాయన పోయి స్టేషన్లో చెప్పినాడా?"

"అయ్యో అవ్వా, ఆ వండి కాదు. తమిళ వండి. బండి!"

తిరుమలమ్మకు తమిళం రాదని కాదు. తిరుత్తణి సంతలో ఆమె తమిళంలో బేరమాడితే కూరగాయలవాడు చేతులెత్తేయాల్సిందే. కానీ కోడలి పేరు పక్కన ఆ మాట వినబడితే ఆమెకు తెలుగు వండడం తప్ప ఇంకోటి తోచదు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం తిరుత్తణి బజారులో సుందరవల్లి ఇద్దర్ని వెనక ఎక్కించుకుని మోపెడ్ నడిపిందని కాగితంలో ఉంది. ఆ మధ్యాహ్నం సుందరవల్లి మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తోంది. నడిపింది మొగుడు. వెనకాల ఆయన స్నేహితులు ఏకాంబరం, ధర్మలింగం. ముగ్గురూ మ్యాట్నీకి పోతూ పట్టుబడ్డారు. పేరేమిటని పోలీసు అడిగితే దండపాణి బండి పుస్తకం చేతికిచ్చి నోరు మూసుకున్నాడు. పోలీసు తలెత్తి మనిషిని చూడకుండా అందులో ఉన్న పేరే రాసుకున్నాడు.

బండి కొన్నది సుందరవల్లి కాసులదండ అమ్మి. అందుకే ఊత్తుకోట నుంచి ఆమె తండ్రి వచ్చి, దగ్గరుండి పుస్తకం కూతురి పేరున రాయించాడు. పేరు ఉండటమే గానీ, మూడేళ్ళలో ఆమె చేయి ఆ హ్యాండిల్ మీద పడింది తుడవడానికే. నేసిన చీరల మూటతో తిరుత్తణి నేతగాళ్ళ సొసైటీకి బస్సులో నిలబడి పోయేది ఆమె. "ఆడోళ్ళకు బ్యాలెన్సు రాదే" అనేవాడు దండపాణి. పెళ్ళికి ముందు అద్దె సైకిలు మీద ఊత్తుకోటంతా తిరిగినదాన్ని అని చెబితే, "సైకిలు వేరే, మోటారు వేరే" అనేవాడు.

అన్నానికి కూర్చున్నప్పుడు ఆయన తీర్పు చెప్పాడు. "వల్లీ, నువ్వే పోయి ఒప్పేసుకో. ఆడమనిషివని జడ్జి నాలుగు తిట్టి పంపేస్తాడు. నేను వచ్చే నెల సొసైటీ డైరెక్టరుగా నిలబడతా ఉండా. నా పేరు కోర్టుకెక్కితే బాగుంటుందా?"

"వాడి పేరు చెడితే వీధిలో తలెత్తుకోలేము. నీ పేరంటావా, దాన్నెవరు చూడొచ్చినారు?" అంది తిరుమలమ్మ.

సుందరవల్లికి ఒళ్ళు మండిపోయింది. కండెలు చుడుతూ ఆలోచించింది. కోర్టులో నిజం చెప్పేస్తే? ఇంట్లో ఆరు నెలలు సణుగుడు, బండి మళ్ళీ ఆయనదే. అసలు తన పేరు ఎక్కడెక్కడ ఉంది? రేషన్ కార్డులో 'పెండ్లాము' అని ఉంది. సొసైటీ పుస్తకంలో నేసేవాడు దండపాణి. కండెలన్నీ చుట్టి, గంజి పెట్టి, సగం చీరలు నేసే మనిషి ఒకతె ఉందని ఆ పుస్తకానికి తెలియదు. ఇంద్రాణి స్కూలు రిజిస్టరులో తండ్రి పేరే. పదిహేనేళ్ళ కాపురంలో, సుందరవల్లి ఫలానా పని చేసింది అని సర్కారు ముద్ర కొట్టి రాసిన కాగితం ఇదొక్కటే, అదీ చేయని పనికి! ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ దారం తెంపేసుకుంది. ఈ ఒక్క అబద్ధం నిజమైతే ఎంత బాగుండు అనిపించింది.

"సరే, ఒప్పుకుంటా" అంది. అంత సులువుగా సరే అంటే ఎవరికైనా అనుమానం రావాలి. దండపాణికి రాలేదు. మజ్జిగ పొయ్యమన్నాడు.

తిరుత్తణి కోర్టులో జడ్జి కళ్ళద్దాల మీదుగా చూశాడు. "వండి నీయా ఓట్టినే?" నడిపింది నువ్వేనా అని.

"ఆమాంగయ్యా, నాన్‌దాన్." అవునయ్యా, నేనే.

"ఇద్దరు మగవాళ్ళను వెనకాల ఎక్కించుకునా?"

"ఇంట్లో అంతకంటే ఎక్కువమందినే లాగతా ఉండానయ్యా. ఇద్దరు నాకొక లెక్కా?"

కోర్టంతా ఘొల్లుమంది. జడ్జి నవ్వు ఆపుకుని, చిన్న జరిమానా వేసి, "ఇకమీదట నడిపేటప్పుడు ఒక్కర్నే ఎక్కించుకో" అన్నాడు. చివరి బెంచీలో దండపాణి హమ్మయ్య అనుకున్నాడు.

బయట టీకొట్టు దగ్గర బండి మీద కూర్చుని, "ఎక్కు" అన్నాడు.

"నువ్వు వెనక్కి జరుగు మామా."

"ఏమే, పిచ్చి పట్టిందా?"

"జడ్జయ్య మాట నువ్వూ విన్నావు గదా. నడిపేది నేనని కోర్టులో రాసేసినారు. నువ్వు నడిపితే నేను చెప్పింది అబద్ధమైపోతుంది. మళ్ళా లోపలికి పోయి, కాదయ్యా, నడిపింది కాబోయే డైరెక్టరు అని చెప్పొచ్చేదా?"

దండపాణి కోర్టు వైపు చూశాడు. టీ తాగుతున్న ఏకాంబరం వైపు చూశాడు. వెనక్కి జరిగాడు. వంద గజాలు బండి వంకరటింకరగా పోయింది, ఆ తర్వాత దారిన పడింది. కొండ మీది స్వామిని ఆయన దారి పొడుగునా "మురుగా, మురుగా" అని పిలుస్తూనే ఉన్నాడు. సుందరవల్లికి అంత సంతోషం ఊత్తుకోట వదిలాక ఎన్నడూ కలగలేదు.

సోమవారం పొద్దున కోడలు చీరల మూట బండి వెనక కడుతుంటే తిరుమలమ్మ గడపలోంచి కేకేసింది.

"ఏమే, వండి పోతా ఉండావా, వండకనే పోతా ఉండావా?"

సుందరవల్లి పెడలు తొక్కింది.

"వండిలోనే పోతా ఉండా అత్తా!"