తాత పోలిక ఆరు శాతం

బాలింతరాలు చాందిని పుట్టింట్లో మూడు నెలలుండి, పాపను ఎత్తుకుని బోడుప్పల్ నుంచి నాచారంలోని అత్తగారింటికి వచ్చింది. దిగబెట్టడానికి వచ్చిన వాళ్ళమ్మ తారామణి ఊరికే రాలేదు, ఫోన్లో ఒక యాప్ వేసుకుని మరీ వచ్చింది.

"వదినా, దీంట్ల ఫోటో వెడితే జీన్స్ లెక్కతోని ఎవరి పోలికనో చెప్తది. నాలుగున్నర స్టార్లున్నయ్. పాపకు నా పోలిక డెబ్బయి ఒక్క శాతం, సూడు!"

చాందిని అత్త వెంకటనర్సమ్మ చూపు ఫోన్ మీద కాదు, పాప చేతి మీద పడింది. పాప చిటికెన వేలు లోపలికి వంగి ఉంటుంది. చనిపోయిన భర్త కొమురెల్లి వేలు అచ్చం అంతే. దవాఖానాలో ఆ వేలు చూసిననాడే, మనిషి మళ్ళీ ఇంటికొచ్చినట్టు సంబరపడింది.

"మీ అన్నది గూడ జూడు" అంది.

తారామణి గోడ మీది కొమురెల్లి ఫోటోను దండతో సహా ఫోన్లో తీసింది. ఆరు శాతం.

"అన్నది జర తక్కువనే ఉన్నది. ఏం జేస్తం వదినా, జీన్స్!" అంటూ మొహం చేటంత చేసుకుంది.

తారామణి ఎక్కిన ఆటో ఉప్పల్ చేరకముందే వెంకటనర్సమ్మ కొడుకు చేత తన ఫోన్లో ఆ యాప్ వేయించుకుంది. దండ తీసి, అద్దం విప్పి, ఫోటోను కిటికీ వెలుతురులో పెట్టి తీసింది. అరవై ఎనిమిది!

"సూడు బిడ్డా! ఇందాక అద్దంల మీ అమ్మ మొఖం వడ్డది. గందుకే ఆరు!"

ఉప్పల్‌లో జన్యు పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే చాందిని పకపకా నవ్వింది. "అత్తమ్మా, జీన్స్ రక్తంల సూస్తరు, ఫోటోల గాదు. గిటు సూడు."

ఎదురుగా కడుతున్న మేడకు వేలాడే దిష్టిబొమ్మను ఫోటో తీసింది. కోరలు, బయటపడ్డ నాలుక. పాప పోలిక డెబ్బయి నాలుగు శాతం.

వెంకటనర్సమ్మ చేతికొచ్చిన అరవై ఎనిమిది అంతలోనే పోయింది. మెల్లగా అడిగింది:

"అయితే మీ అమ్మది గూడ అబద్ధమేనా?"

"ఉత్తదే."

"దిష్టిబొమ్మ కన్న తక్కువనే వచ్చింది గదా?"

"మూడు తక్కువ."

"ఫోన్ జేసి చెప్పు."

"నీ అరవై ఎనిమిది గూడ చెప్పాల్నా?"

"గది చెప్పకు."

చాందిని పాప గుప్పిలి విప్పింది. "యాప్ వేలు సంగతే అడగలే అత్తమ్మా. గిసొంటి వేలు ఇంట్లకెల్లే వస్తది. మా దిక్కు ఎవ్వరికీ లేదు. గిది మామయ్యదే."

వెంకటనర్సమ్మ ఆ చిన్న వేలిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది.

"గది ముందుగాల చెప్పు, మీ అమ్మకు."

యాప్ మూయబోతే 'ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని తెర మీద వచ్చింది. చాందిని ఒక్కటి నొక్కింది.

"ఇంకొకటియ్యి" అంది వెంకటనర్సమ్మ. "మీ మామకు అరవై ఎనిమిదిచ్చింది, పాపం."