ముప్పై ఏడో నంబరు కాలు

జోళ్ళ ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ ముప్పై ఏడు. ఆడవాళ్ళ జోళ్ళకు నమూనా సైజు అది. ఆవిడ పాదం ఆ సైజుకు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతుంది. ఏ దేశానికి ఏ జోడు తయారైనా ముందు ఆవిడ తొడుక్కుని, చెక్క నేల మీద పన్నెండడుగులు వెళ్ళి, పన్నెండడుగులు వెనక్కి వచ్చి, ఎలా ఉందో చెప్పాలి. ఆవిడ సరేనంటేనే వేల జతలు కుడతారు.

ఫ్యాక్టరీలో దేశాలకు కూడా సొంత పేర్లు లేవు. జోడు మొన సూదిలా ఉండాలనేది ముక్కు దేశం. నడిస్తే వీధి చివరికి వినబడాలనేది చప్పుడు దేశం. గడప దగ్గర వంగకుండా విడిచేలా ఉండాలనేది విప్పుడు దేశం. ఒకచోట మడమ కనబడితే నాజూకు, పక్క దేశంలో అదే మడమ కనబడితే మొరటు. ఏ దేశం ఆడవాళ్ళ సోకు ఎలాంటిదో ఆవిడ కళ్ళు మూసుకుని, వేళ్ళు ఎక్కడ నొక్కుకుంటున్నాయో దాన్నిబట్టి చెప్పేయగలదు.

ఇన్ని దేశాల జోళ్ళు తొడుక్కున్న మనిషి కాలికి బలపం కట్టుకుని తిరిగి ఉంటుందనుకుంటాం. పాపం, ఆవిడకు బజారుకు నడిచి వెళ్ళే యోగం కూడా లేదు. ఎక్కువ నడిస్తే పాదం ఉబ్బుతుంది. ఉత్త కాళ్ళతో తిరిగితే వెడల్పవుతుంది. అందుకని ఇంట్లో కూడా మేజోళ్ళే. ప్రతి సోమవారం టేపుతో కొలత. పద్నాలుగేళ్ళుగా ఇదే వరస.

ఆవిడకు జోళ్ళు తొడుక్కోవడం కాదు, గీయడం కావాలి. కిటికీ పక్కన డిజైన్లు గీసే కుర్చీ ఆ నెలలోనే ఖాళీ అయింది. ఆవిడ గీసిన బొమ్మలు మేనేజరు తిరగేసి మరీ చూశాడు.

"నీ చెయ్యి మంచిదేనమ్మా, కాదనను. కానీ నాక్కావలసింది నీ కాలు. అచ్చం ఇలాంటిదే ఇంకో కాలు పట్టుకురా, రేపే ఆ కుర్చీలో కూర్చో" అన్నాడు.

అచ్చం అలాంటి కాలు ఆవిడ ఇంట్లోనే ఉంది. కూతురి పాదం సరిగ్గా ముప్పై ఏడు దగ్గర ఆగిపోయిందని తెలిసిన రోజు ఆవిడకు గుండె గుభేలుమంది. అప్పటినుంచి కూతురికి ముప్పై ఎనిమిదే కొని, మొనలో దూది కుక్కి ఇస్తుంది. "ఇంకా ఎదుగుతావులే" అంటుంది. "పందొమ్మిదేళ్ళకి కాళ్ళెక్కడ ఎదుగుతాయమ్మా!" అని ఆ పిల్ల పకపకా నవ్వుతుంది.

ఒక రోజు ఆవిడ కళ్ళజోడు మరిచిపోయి ఫ్యాక్టరీకి వస్తే, కూతురు వానలో పడి తీసుకొచ్చింది. నమూనా గది గుమ్మంలో జోళ్ళు విప్పి దులిపింది. తడిసిన దూది ముద్దలు రెండు నేల మీద పడ్డాయి.

"ఈ దూదేంటమ్మాయ్?" అన్నాడు మేనేజరు.

"మా అమ్మ ఎప్పుడూ పెద్ద సైజే కొంటుందండీ."

మేనేజరు దూదిని చూశాడు, పాదాన్ని చూశాడు, తల్లిని చూశాడు. చప్పుడు దేశానికి వెళ్ళాల్సిన ఎర్రజోడు తెచ్చి పిల్ల ముందు పెట్టాడు.

ఆ పిల్ల ఎర్రజోడు తొడుక్కుని నడిచింది. టక్, టక్, టక్. పన్నెండడుగులు. ఉద్యోగం కోసం ఆరునెలలుగా తిరుగుతున్న పిల్ల, మొహం చాటంత చేసుకుని తిరిగొచ్చింది.

"నువ్వే చెప్పు, ముప్పై ఏడూ. ఇందులో నీ మాటకి తిరుగులేదు" అన్నాడు మేనేజరు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని కూతురి బొటనవేలు దగ్గర నొక్కి చూసింది. ఒక్క మాట చాలు, కిటికీ పక్క కుర్చీ తనదే. ఆ కుర్చీ ఆవిడకు ఎంత కావాలో చెప్పలేను.

"బొటనవేలు దగ్గర పట్టేస్తోందండీ. సరిపోదు."

"లేదమ్మా, బాగా సరి..." అనబోయింది కూతురు.

"సరిపోదన్నానా!"

మేనేజరు నిట్టూర్చి ఫోను మోగుతోందని పక్కగదిలోకి వెళ్ళాడు. కూతురికి అరికాలి మంట నెత్తికెక్కింది. విసురుగా జోడు విప్పి పడేసింది.

"ఎందుకమ్మా అబద్ధం? నీ ఉద్యోగం నేను లాక్కుంటాననా?"

ఆవిడ స్టూలు మీద కూర్చుని మేజోళ్ళు తీసింది. కూతురు ఆ పాదాలను ఏనాడూ ఉత్తగా చూడలేదు. బొటనవేలు పక్కకు ఒరిగి రెండోవేలి కిందికి దూరింది. మూడోదీ నాలుగోదీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చిటికెన వేలికి గోరే లేదు.

"ఇది ముక్కు దేశం, ఇది చప్పుడు దేశం" అని వేలు పెట్టి చూపించింది తల్లి. "కొలతకి మాత్రం ముప్పై ఏడేనే. టేపుకి పొడుగూ వెడల్పే తెలుస్తాయి."

పక్కగదిలోంచి కేక వినబడింది. "ముప్పై ఏడూ! ఆ ఎర్రజోడు వేసుకుని నడిచి చూపించు."

ఆవిడ గబగబా మేజోళ్ళు ఎక్కించుకుని, వేళ్ళను సర్దుకుని జోడులోకి తోసింది. లోపల కూతురి పాదం వెచ్చదనం ఇంకా ఉంది. చెక్క నేల మీద టక్ టక్ మంటూ బయలుదేరింది.

గుమ్మం దగ్గర కూతురు వంగింది. నేల మీది దూది ముద్దలు ఏరి, నీళ్ళు పిండి, తన జోళ్ళ మొనల్లోకి తనే గట్టిగా కుక్కుకుంది.