శ్వేతశకటముపై హరిద్రాస్వస్తికము

వైశాఖమాసమధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తములగు కాకినాడపురవీథులయందు జనసంచారము సన్నగిల్లి సముద్రముమీదినుండి రావలసిన చల్లగాలి యెచ్చటనో యలిగి కూర్చుండి రాక మానిన వేళ కారుసామగ్రి విక్రయించు దుకాణమొకదాని ముందర క్షీరధవళంబగు నొక నూతనశకటము నిలిచియుండెను. దాని బానెట్టుపై నించుక వంకరగా నొక పసుపు స్వస్తికము కానవచ్చుచుండెను. దాని యజమానుడును వస్త్రవర్తకుడును నగు సత్యవరప్రసాదు ఒక చేత మైనపుడబ్బాను వేఱొక చేత సీలెంటను గట్టిపూత సీసాను బట్టుకొని యేది మేలో తెలియక దిక్కుతోచక నిలుచుండెను.

కారు మెఱసిన నేమి మెఱయకున్న నేమి యని యాతని తలంపు. ఆతని దిగులంతయు నా స్వస్తికమును గూర్చియే. వాహనపూజనాడు పురోహితుడు త్వరపెట్టుచున్నను లెక్కసేయక యాతని తల్లి మాణిక్యాంబ తడిపసుపులో కుడిచేతివ్రేలు ముంచి నిదానముగా దానిని వ్రాసినది. ఆ మాసము తిరుగకమునుపే పక్షవాతము సోకి యా చేయి చచ్చుపడెను. ఆ చేతి కడపటి పని యదియే యగుటచే దానిని పోగొట్టుకొనుటకు కొడుకు ప్రాణ మొప్పలేదు.

“మైనమైతే రెండు వానలకి పోద్దండి. సీలెంటైతే ఏడాది ఉంటదండి,” అని దుకాణదారుడు నూకరాజు చెప్పెను. “ఏదేసినా ముందు ఆ పసుపు మరక తోమెయ్యాలండి.”

“మరక కాదయ్యా, అది మా అమ్మ రాసింది. దాన్ని ముట్టుకోకుండా పైన వెయ్యి.”

“ఆయ్, అలాగే వేత్తానండి. నీళ్లకీ దుమ్ముకీ నాదే పూచీ. ఎండ సంగతి మాత్రం నన్నడక్కండి.”

తన యంగడి యద్దములలోని చీరలు వెలసిపోవునని ప్రొద్దెక్కగనే వానిని లోనికి జేర్పించు నా వర్తకునకు ఎండ చేయు పని తెలియనిది గాదు. తెలిసియు తెలియనట్లు సీలెంటునే కోరుకొనెను. ఆశ మనుష్యునిచేత నిట్టి వెఱ్ఱిపనులనే చేయించును గదా!

అది మొదలు శకటము నీడను వెదకికొని నిలుపుటయు నిలిపిన వెంటనే దుప్పటి కప్పుటయు నాతనికి నిత్యవ్రతమయ్యెను. అయినను తల్లిని దినదినము చికిత్సకు గొనిపోక తప్పదు. కొనిపోయిన నెండ తప్పదు. చేతికి చలనము వచ్చునేమో యని యెంత తిరిగినను చేయి కదలకుండెను. పసుపు మాత్రము పలుచబడుచుండెను. దానినైన నాపజాలని తన యసమర్థతకు లోలోన కుమిలి సత్యవరప్రసాదు వైద్యునిమీదను సూర్యునిమీదను సమానముగా మండిపడెను. చూచుచుండగనే స్వస్తికమంతయు మాసిపోయెను. శకటము మచ్చలేక ధగధగ మెఱయుచుండ నిరుగుపొరుగువారు దాని తెలుపును వేనోళ్ల గొనియాడిరి.

ఆతడది సహింపజాలక యొక యుదయమున తల్లిని చక్రములకుర్చీలో శకటముచెంతకు దెచ్చి తడిపసుపు గిన్నె ముంగిట నుంచెను. “అమ్మా, మళ్లీ ఒక్కసారి రాయవే,” అని బ్రతిమాలి వ్రేలాడుచున్న యా చేతిని తన చేతిలోనికి దీసికొని వ్రేలిని పసుపులో ముంచి బానెట్టుపై మెలమెల్లగా నడపించెను. ఈమారు స్వస్తికము చక్కగా కుదిరెను. రేఖ యొక్కటియు వంకరపోలేదు.

మాణిక్యాంబ దానివంక చాలసేపు చూచెను.

“బాగుందిరా అబ్బాయ్,” అనెను. “కానీ ఇది నువ్వు రాసిందేరా. నా చెయ్యి ఊరికే నీతో కూడా వచ్చింది.”

పసుపంటిన యా చేతిని విడువజాలక సత్యవరప్రసాదు ఎండ యెక్కువరకు నట్లే నిలిచియుండెను.