గుండీకి గట్టి పరుపు

అంచుకి పైపింగ్ ఉండకూడదు, పన్ను మొదట పట్టుకునేది అక్కడే అని మా ఆయన చెప్పింది నిజమే, ఈ నీలం పరుపుకి చుట్టూ తాడులాంటి అంచు ఉంది, గుండీ దీన్ని నారింజ తొక్క ఒలిచినట్టు ఒలిచేస్తాడు, కానీ ఎంత ముద్దుగా ఉందో, మూలన చిన్న ఎముక బొమ్మ కూడా కుట్టారు, మా కొత్త కర్టెన్లది కూడా సరిగ్గా ఇదే నీలం, ఛ, మళ్ళీ కర్టెన్లు, కుక్కకి పరుపు కొందామని వచ్చి కర్టెన్లకి జోడీ వెతుకుతున్నాను, పెళ్ళయి డెబ్బై రోజులైనా ఇల్లంతా నాకింకా బొమ్మలాటలాగే ఉంది, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయని ఈ ఉదయం కూడా ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఆయన తాళం చెవి, నా తాళం చెవి గోడ మీద పక్కపక్కనే వేలాడుతుంటే వాటిని ఊపి చూస్తాను, ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకుంటారు, అక్కా ఇది చూడండి, అని షాపు అమ్మాయి ఖాకీ రంగు పరుపు తెచ్చి నా ముందు దబ్బున పడేసింది, లారీల మీద కప్పే గుడ్డ అక్కా, డబుల్ కుట్టు, కత్తికి కూడా లొంగదు, నువ్వు మావాడి పళ్ళు చూడలేదమ్మా అన్నాను, ఇద్దరం పకపకా నవ్వాం, నవ్వుతుండగానే గుర్తొచ్చింది, ఆ పళ్ళలో ఇప్పుడు ఒకటి తక్కువ.

మొదటిది దూది పరుపు, రెండు రోజులకే గది నిండా దూది ఎగిరింది, సరదాగా ఫోటో కూడా తీశాను, రెండోది ఆయనే కుట్టారు, సీట్ల కవర్లు కుట్టే మనిషికి కుక్క పరుపు ఒక లెక్కా అనుకున్నాం, బస్సు సీట్లకి వేసే రెక్సిన్, మూడు పోగుల దారం, సాయంత్రం చూస్తే ముక్కలు, నేను కుట్టిన సీటు మీద జనం పదేళ్ళు కూర్చుంటారు, వీడి దగ్గర పది గంటలు నిలవలేదే అని జోకేసి, ఒక ముక్క తీసుకుని కుట్టుని తిప్పి తిప్పి చూశారు, అప్పటికే, పగలు నేను స్నానానికి వెళ్ళిన కాసేపట్లో గుండీ ఆ లోపలి ఫోమ్ మింగేశాడు, మూడు రోజులు వాంతులు, డాక్టరు కళ్ళద్దాలు తీసి, ఇంకోసారి మింగాడంటే పొట్ట కోయాల్సిందేనమ్మా, బతుకుతాడని నేను చెప్పలేను అన్నాడు, అందుకని మూడోది ఇనప గొట్టాల మంచం తెచ్చాను, కొరకడానికి గుడ్డే ఉండకపోతే ఎలా కొరుకుతాడులే అని నా తెలివి, గొట్టాన్నే కొరికాడు, పన్ను విరిగింది, తెల్లటి ముక్క నేల మీద బియ్యపు గింజలా పడి ఉంటే దాన్ని ఏరి అరచేతిలో పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాను, ఇప్పుడు వాణ్ణి వట్టి నేల మీద వదిలి వచ్చాను, గచ్చుకి దవడ ఆనించి తలుపు వంకే చూస్తూ ఉంటాడు, నేను పక్కన కూర్చుని వీపు నిమురుతున్నా సరే తలుపు వంకే.

ఎప్పుడెప్పుడు కొరుకుతాడక్కా, అని అమ్మాయి అడుగుతోంది, ఆయన పనికి వెళ్ళిన పావుగంటకి మొదలు అన్నాను, మరి మీ ఇంటికి రాకముందు ఏం కొరికేవాడు అంది, ఈ మాట డాక్టరు అడగలేదు, నేనూ అడగలేదు, గుండీ ఆయన షాపులో నాలుగేళ్ళు ఉన్నాడు, ఫోమ్ దిమ్మలు, రెక్సిన్ చుట్టలు, తోలు ముక్కలు, కొరికే కుక్కకి స్వర్గం, పెళ్ళయిన రెండో వారం మొదటిసారి నేను వెళ్ళేసరికి మిషను కింద గుడ్డపేలికల మీద పడుకుని, ఆయన ఎడమ చెప్పు మీద గడ్డం ఆనించి ఉన్నాడు, ఒళ్ళంతా దారప్పోగులు, అయ్యో పాపం, ఇంటికి తీసుకెళ్ళి రాజాలా చూసుకుంటానండీ అన్నాను, కటింగ్ మాస్టారు కత్తెర పక్కన పెట్టి, వాడికి ఇక్కడ బాగానే ఉందమ్మాయ్, కొలతల టేపు కింద పడితే నోట కరిచి తెచ్చిస్తాడు, ఒక్క పంటిగాటు ఉండదు చూడు అని టేపు చూపించాడు, నేను టేపు చూడలేదు, ఆయన్ని చూశాను, ఆయన నవ్వి నీ ఇష్టం అన్నారు, ఆ రెండు ముక్కలకి నేను ఎంత మురిసిపోయానో, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని స్కూటరెక్కితే వాడు మెడ తిప్పి షాపు కనిపించినంతసేపూ వెనక్కే చూశాడు, నేనేమో ఆ పూటే ఫోటో దిగి అందరికీ పంపాను, మా ఇంట్లోకి కొత్త మనిషి అని.

ఫోన్ చేశాను, ఏమండీ, గుండీ అక్కడ ఎప్పుడైనా ఏదైనా కొరికాడా, మిషను చప్పుడు ఆగింది, లేదు అన్నారు, అదేంటండీ, నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా, నువ్వంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పనే, సర్దుకుంటాడులే అనుకున్నాను, అని ఆయన గొంతు నెమ్మదించింది, వెనక నుంచి మాస్టారు, అమ్మాయేనా, గుండీగాడు ఎలా ఉన్నాడట, టేపు పడితే ఇప్పటికీ కిందికి చెయ్యి చాస్తున్నానని చెప్పవోయ్, అంటున్నాడు, రేపు వాణ్ణి మీతో తీసుకెళ్ళిపోండి అన్నాను, ఏడవకుండానే అన్నాననుకున్నాను కానీ షాపు అమ్మాయి నా మొహం చూసి తల తిప్పుకుంది, ఆయన, మరి పగలంతా నువ్వొక్కదానివే ఎలా ఉంటావు అన్నారు.

ఆయనకెలా తెలుసు, నేను ఎవరికీ చెప్పలేదే, ఆ మొదటి రోజుల్లో స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరగగానే ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయేదంటే ఊరికే కుళాయి తిప్పి వదిలేదాన్ని, ఒకరోజు ఖాళీ మిక్సీ వేసి దాని పక్కన నిలబడ్డాను, ఎలా ఉన్నావే అని అమ్మ అడిగితే సూపర్‌గా ఉన్నానే అన్నాను, అదీ అబద్ధం కాదు, సాయంత్రాలు నిజంగా సూపర్, కానీ పగలు నాకు భయమేసేది, కొత్త పెళ్ళికూతురు పట్టపగలు ఇంట్లో భయపడుతోందంటే నవ్వరూ, ఆయన షాపులో అయ్యో పాపం అన్నది వాణ్ణి చూసే అనుకున్నాను, కానీ వాడికి అప్పుడు ఏ లోటూ లేదు, చేతి నిండా పని ఉంది, గడ్డం ఆనించుకోవడానికి ఒక కాలుంది, బిల్లు వేయనా అక్కా అంటోంది అమ్మాయి, వద్దమ్మా అన్నాను, తోడు కావలసింది నాకు, ఆ మాట నోరు తెరిచి ఆయన్ని అడగడానికి సిగ్గుపడి, నోరు లేనివాడి దగ్గర ఉన్నదంతా లాక్కుని, దానికి జాలి అని పేరు పెట్టుకున్నాను.