పేరు పెట్టినవాళ్ళు

"ఫ్రిజ్‌లో పాముల్ని దాచుకునే కోడల్ని నేనెక్కడా చూళ్ళేదమ్మా" అంది మార్తమ్మ, పెరుగు గిన్నె కోసం ఫ్రిజ్ తలుపు తీసి.

దేవకుమారి కవర్లో చుట్టిన రెండు చేపల్ని కింది అరలోకి జరిపి, గిన్నె తీసి అత్తగారి చేతికిచ్చింది. అవి పాములు కావు, పాముచేపలు, ఇంగ్లీషులో కాంగర్ ఈల్స్ అంటారు అని నాలుగేళ్లుగా చెబుతూనే ఉంది. మార్తమ్మకి ఏదైనా ఒకటే. కూరకి పనికొచ్చేది చేప, పనికిరానిది పాము.

భర్త శ్యాంబాబుకి మాత్రం అవి ఆయన పీహెచ్‌డీ. నిజానికి ఆ పీహెచ్‌డీ మొదట దేవకుమారిదే. వాల్తేరులో ఇద్దరూ జువాలజీ ఎమ్మెస్సీ ఒకే క్లాసు. ఆమెది మొదటి ర్యాంకు, ఆయనది ఎనిమిదో తొమ్మిదో. పెళ్లయ్యాక ఆయనకి కాకినాడ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఆమె ఈ తీరంలో దొరికే కాంగర్ ఈల్స్‌లో ఎన్ని జాతులున్నాయో తేల్చే పని ఎంచుకుని, భీమరాజుగారి దగ్గర రిసెర్చికి చేరింది. ఏడాది తిరక్కుండానే రెబెక్కా కడుపులో పడింది. "ముందు నాది కానిద్దాం దేవీ, ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కదా. నీది తర్వాత చూద్దాం" అన్నాడు శ్యాంబాబు. అనేటప్పుడు ఎంతో ప్రేమగానే అన్నాడు. ఆమె ఎంచుకున్న విషయం, ఆమె పోగేసిన పుస్తకాలు, ఆమె గైడు, అన్నీ ఆయనవయ్యాయి. పని మాత్రం ఆమెతోనే ఉండిపోయింది. పొద్దున జూనియర్ కాలేజీలో పార్ట్‌టైమ్ పాఠాలు, మధ్యాహ్నం వరండాలో చేపలు, సాయంత్రం వంట.

ప్రతి శుక్రవారం బస్సెక్కి ఉప్పాడ వెళ్లేది. ఒడ్డున ఏసమ్మ అనే చేపలమ్మే ఆమె, వలల్లోంచి ఏరి పారేసే వాటిలో పాముచేపల్ని విడిగా తీసి ఉంచేది. ఇంటికి తెచ్చి, తలుపులేసుకుని, ఒక్కోదాన్నీ కొలిచేది. తల నుంచి తోక దాకా పక్కగా వరసకట్టి ఉండే సన్నటి రంధ్రాల్ని సూది మొనతో ఒక్కొక్కటే లెక్కపెట్టేది. మధ్యలో కాలింగ్ బెల్ మోగితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. వెన్నుపూసల లెక్క తేలాలంటే ఎక్స్‌రే కావాలి. ఒక నర్సింగ్ హోమ్‌లో బతిమాలుకుంటే తీసిపెట్టారు. రిజిస్టర్ రాసే అమ్మాయి మొదటిరోజు "పేషెంటు పేరేంటండి?" అని అడిగింది. "ఇంకా తెలియదమ్మా" అంది దేవకుమారి. నవ్వించాలని అన్న మాట కాదు. నిజంగానే తెలియదు. ఆ చేప ఏ పుస్తకంలోని వివరాలకీ సరిపోవడం లేదు. దగ్గరగా వచ్చే జాతి ఒక్కటే ఉంది, నూట ముప్ఫై ఏళ్ల కిందట ఎవరో దొర ఒకే ఒక్క చేపని చూసి పేరు పెట్టింది. దాని తోక పొట్టి. దీని తోక పొడుగు, వెన్నుపూసలు పాతిక ఎక్కువ.

"కొత్త జాతే" అన్నాడు శ్యాంబాబు, ఆమె నోట్సు తిరగేస్తూ.

"ఆ పాత చేపని చూడందే చెప్పలేమండీ. అది దాచిన మ్యూజియానికి ఉత్తరం రాశాను. జవాబు రానివ్వండి."

"వాళ్ల జవాబు కోసం కూర్చుంటే ఇంకెవరో పేరు పెట్టేస్తారు."

ఆర్నెల్ల తర్వాత ఒకరోజు ఆయన స్వీట్ ప్యాకెట్టుతో వచ్చి ఆమె కళ్లు మూశాడు. కళ్లు తెరిచేసరికి ముందు అచ్చయిన జర్నల్ ఉంది. చేప బొమ్మ ఆమె గీసిందే. రెక్క దగ్గర నిబ్బు జారి కాస్త లావెక్కిన గీత కూడా అలాగే ఉంది. చేపకి పెట్టిన కొత్త పేరు దేవకుమారి. ఆడవాళ్ల పేరు పెట్టినప్పుడు లాటిన్‌లో చివర తగిలించే అక్షరాలు తగిలించారు. పేరు పెట్టినవాళ్ళు శ్యాంబాబు, భీమరాజు. ఆఖరి పేజీలో, కొలతల్లో ఓపికగా సహకరించిన శ్రీమతికి కృతజ్ఞతలు.

కాలేజీలో సన్మానం చేశారు. దండ ఆయనకి వేసి, ఆమె చేతికి పూలగుత్తి ఇచ్చారు. జిల్లా పేపర్లో 'భార్యపై మమకారంతో చేపకు ఆమె పేరు' అని వేశారు. ప్రిన్సిపాల్‌గారి భార్య చెయ్యి పట్టుకుని "అదృష్టవంతురాలివమ్మా, మావారు నా పుట్టినరోజే మర్చిపోతారు" అంది. దేవకుమారి నవ్వుతూనే ఉంది. నవ్వీ నవ్వీ బుగ్గలు నొప్పెట్టాయి. ఇంతమంది ఇంత సంతోషంగా ఉంటే తనకెందుకు సంతోషం లేదు? తను అసూయపడుతోందా, మొగుడి మీదే? ఎవరితోనైనా చెప్పుకుంటే ఏమంటారు? చేపకి పేరు పెడితే ఏడ్చిన మనిషివి నువ్వేనమ్మా అంటారు. మూడు వందల పైచిలుకు మధ్యాహ్నాలు ఆమెతో ఉన్నవి ఆ చేపలే. వాటికి నోరు లేదు.

ఇంటికొచ్చి చీర మార్చుకుంటూ అడిగింది. "రాసినవాళ్లలో నా పేరెందుకు లేదండీ?"

"చేప మీదే ఉందిగా."

"అది కాదు. పేరు పెట్టినవాళ్లలో."

శ్యాంబాబు దండని మేకుకి తగిలించాడు. "మొదట ఉందిలే. ఎవరూ సొంత పేరు పెట్టుకోకూడదు కదా, నవ్వుతారు. నీ పేరు చేపకి పెడదామనుకున్నాక అక్కడ తీసెయ్యాల్సొచ్చింది. ఏది కావాలని నిన్నడిగితే సర్‌ప్రైజ్ ఏముంటుంది?"

ఆయన నిద్రపోయాక కూడా ఆమెకి ఆ ఒక్క మాటే మెదిలింది. మొదట ఉందిలే.

మ్యూజియం నుంచి జవాబు ఇంకో ఏడాదికి వచ్చింది. ఉత్తరం రాసింది ఆమె కాబట్టి కవరు ఆమె పేరు మీదే వచ్చింది. ఆలస్యానికి క్షమించమని రెండు ముక్కలు, ఆ పాత చేప ఎక్స్‌రే ఒకటి. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసింది. తల, ఛాతీ, పొట్ట దాకా తన చేపల్లాగే ఉంది. తోక చివర మాత్రం వెన్నుపూసలు క్రమంగా సన్నబడకుండా, ఒకచోట మొద్దుగా ఆగిపోయాయి. ఎక్స్‌రేని చాలాసేపు పట్టుకునే ఉంది. చెయ్యి లాగుతున్నా దించలేదు.

మర్నాడు శుక్రవారం కాకపోయినా ఉప్పాడ వెళ్లింది.

"మొండితోకవా?" అంది ఏసమ్మ. "రోజూ పడతాయండి. ఏదో కొరికేత్తాది. పుండు మానిపోయి అలాగే బతికేత్తాయి."

"ఇవీ, నాకిచ్చేవీ ఒకటే రకమా?"

"ఒకటేనండి. వేరేవెందుకవుతాయి?"

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం ఏసమ్మా?"

"తెగినవి వద్దు, మంచివే ఏరి పెట్టమన్నారు కదండీ తమరు. ఇంకేం అడగలేదు."

అది నిజమే. తననెవరూ అడగలేదని ఏడాదిగా కుములుతున్న మనిషి, తను కూడా ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో ఆమెకి చెవులు వేడెక్కాయి. ఏసమ్మ ఏరిచ్చిన ఆరు మొండితోక చేపల్నీ ఎక్స్‌రే తీయించి, తల నుంచి పొట్ట చివరిదాకా పూసలు లెక్కపెట్టింది. మ్యూజియం చేపకీ, వీటికీ, పొడుగు తోక వాటికీ ఒకటే లెక్క. అంటే కొత్త జాతి లేదు. ఒక జాతికి రెండు పేర్లుంటే మొదట పెట్టిందే చెల్లుతుంది. దేవకుమారి అన్న పేరు చెల్లదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక శ్యాంబాబుకి చెప్పింది. ఆయన న్యూస్‌పేపరు మడిచి, ఎక్స్‌రేలు అన్నీ చూశాడు. తెలివైనవాడే, వెంటనే అర్థమైంది.

"ఇది ఎవరికైనా చెప్పావా?"

"లేదండి. రాద్దామనుకుంటున్నాను."

"మార్చిలో రీడర్ పోస్టు ఇంటర్వ్యూ ఉంది నాకు."

"తెలుసండి."

"భీమరాజుగారి మొహం ఎలా చూస్తాం? అయినా పోయేది నీ పేరే కదా దేవీ. సముద్రం ఉన్నంతకాలం ఉండే పేరు. మతి ఉన్నవాళ్లెవరైనా తమ పేరు తామే కొట్టేసుకుంటారా?"

"అది మీరు చేపకి పెట్టిన పేరండీ" అంది దేవకుమారి. "నా పేరు నా దగ్గరే ఉంది."

ఆయనకి ఆ మాట అర్థం కాలేదో, అయిందో. మళ్లీ పేపరు విప్పుకున్నాడు. లోపల్నుంచి మార్తమ్మ "అన్నం చల్లారిపోతోంది అమ్మాయ్" అని పిలిచింది. వెళ్లి వడ్డించింది.

మూడు వారాల మధ్యాహ్నాలు పట్టింది రాయడానికి. నాలుగు పేజీలు. ఏ సంస్థ అన్నచోట పెన్ను ఆగింది. జూనియర్ కాలేజీ వాళ్లు పార్ట్‌టైమ్ మనుషులకి లెటర్‌హెడ్ ఇవ్వరు. ఇంటి డోర్ నంబరు రాసింది. కృతజ్ఞతల్లో ఉప్పాడ ఏసమ్మ పేరు, ఆమె ఏం చెప్పిందో అదీ రాసింది. తర్వాత చాలాసేపు ఆలోచించి, రాసినవారు అన్నచోట తన పేరొక్కటే రాసింది. పోస్టాఫీసులో రిజిస్టర్ చేసి ఇంటికొచ్చి బియ్యం కడిగింది. అంత పెద్ద పని చేసొచ్చిన రోజున కూడా, చెప్పుకోవడానికి ఒక్క మనిషి కనిపించలేదు.

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. శ్యాంబాబుకి రీడర్ పోస్టు వచ్చింది. చేప సంగతి ఎవరూ అడగలేదట. ఆ విషయం ఆయన తల్లికి చెబుతుంటే దేవకుమారి వంటింట్లోంచి వింది. అప్పటికి ఆమెతో ఆయన మాటలు ఉప్పూ పప్పూ దగ్గర ఆగిపోతున్నాయి.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ జర్నల్ తెచ్చాడు. రెబెక్కా స్కూల్లో, మార్తమ్మ నిద్రలో. వరండాలో నిలబడే కవరు చించింది. మొదటి పేజీ పైన దేవకుమారి అన్న పేరు ఉంది. నాలుగో పేజీ చివర, దేవకుమారి అన్న పేరు ఇకపై ఎవరూ వాడకూడదని ఉంది. రెండూ తనే రాసింది.