అవ్వ చేతి మాత్ర

కబడ్డీ లీగ్‌లో చేరిన మొదటి రోజే చెబుతారు, టీమ్ డాక్టర్‌ని అడగకుండా దగ్గు మందు కూడా తాగొద్దని. నేనూ తలూపాను. కానీ అవ్వ చేత్తో పెట్టింది మందని ఎవడనుకుంటాడు?

మాది లింగంపేట. బీడీలు చుట్టీ చుట్టీ నన్ను కన్న మా అవ్వ లింగవ్వకు మోకాళ్లు పట్టేశాయి. ఎల్లారెడ్డిలో ఒక ఆరెంపీ డాక్టరు కాగితంలో మాత్రలు పొట్లం కట్టి ఇస్తాడు. పేరుండదు, అట్ట ఉండదు. సెలవుకొచ్చిన నా మోకాలి వాపు చూసి సగం పొట్లం నా చేతిలో పోసింది.

"నాకు రెండు దినాల్ల తక్కువైంది. నువ్వు గూడ ఏస్కో కొడుకా."

మోకాలు దూదిలా తేలికైంది. తిరిగి వెళ్లాక ఆడిన మొదటి మ్యాచ్‌లోనే పద్నాలుగు పాయింట్లు తెచ్చాను. ఆట అయ్యాక మూత్రం పరీక్షకు తీసుకున్నారు. స్టెరాయిడ్ తేలింది. రెండేళ్ల నిషేధం. ఇరవై తొమ్మిదేళ్ల రైడర్‌కి ఆట ముగిసినట్టే. ఆ పద్నాలుగు పాయింట్లు నావో, మాత్రవో ఇప్పటికీ నాకు తెలియదు.

ఊరు మాత్రం తేల్చేసింది: "శ్రావణ్ సూదులు పొడుసుకున్నడట." హోటల్లో నేను కూర్చుంటే బెంచీ ఖాళీ అయ్యేది. నన్ను భుజాల మీద మోసినవాళ్లే లేచిపోయేవారు. పుట్టిన ఊళ్లోనే ఒంటరివాణ్ణయిపోయాను. నా తరఫున పోట్లాడింది అవ్వ ఒక్కతే.

చివరికి కామారెడ్డి వకీలు ప్రమోద గారు ఒక దారి చెప్పారు. ఆ మాత్రలు తానే ఇచ్చానని అవ్వ సంతకం చేస్తే, అప్పీలులో శిక్ష కొన్ని నెలలకు తగ్గొచ్చట. ఆమెను తీసుకెళ్దామని వచ్చేసరికి వాకిట్లో పక్కింటి కమలవ్వతో కొట్లాడుతోంది.

"నా కొడుకు నా చేతిది తప్ప బయటిది ముట్టలే! ఏ దేవుని మీదనన్న ఒట్టేస్త!"

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తానెంత నిజం చెబుతోందో ఆమెకు తెలియదు. తెలిస్తే ఇక జన్మలో నాకు తన చేత్తో అన్నం కూడా పెట్టదు.

నన్ను చూసి కొంగు సర్దుకుంది. "కామారెడ్డికి పోదామంటివి గద? ఆడ నేనేం చెప్పాలె?"

"పోయేదేం లేదవ్వా. వీళ్లన్నదే నిజం. నేనే ఏసుకున్న సూది."

కమలవ్వ ఇంట్లోకి వెళ్లిపోయింది. ఊరంతా కోడై కూసినా నమ్మని అవ్వ, నేను ఒక్కసారి చెబితే నమ్మేసింది.

ఆ తర్వాత నా కోసం ఆమె ఎవరితోనూ కొట్లాడలేదు.